ఎక్కినవాళ్ల కథలు, ఊడ్చినవాళ్ల లెక్కలు

ఆదివారం సాయంత్రం బెజవాడ కుర్రాళ్ల స్టేటస్‌లు తిరగేస్తే కొండపల్లి అడవి కనిపిస్తుంది. మూలపాడు సీతాకోకచిలుకల పార్కు, కోట గోడలు, పైనుంచి చూస్తే కృష్ణ. ట్రెక్కింగ్ మీద ఇప్పుడు తెలుగులోనూ బాగానే రాస్తున్నారు. చాలావాటికి ఒకటే నడక: చెమట, ఆయాసం, మధ్యలో వెనక్కి పోదామనిపించడం, పైకెక్కాక చల్లగాలి, చివర్న ఒక జీవితసత్యం. ఈ రచనల్లో ఎప్పుడూ కనిపించని పాత్ర ఒకటుంది. అది దారి. కాలు పెట్టేసరికి అక్కడ దారి ఉంటుంది, అంతే. అది ఎలా వచ్చింది, ముళ్లకంప ఎవరు నరికారు, వానకి కోసుకుపోయినచోట రాళ్లు ఎవరు పేర్చారు అన్న ప్రశ్న రాదు.

కొండ దారి దానంతటది మిగలదు. బొమ్మల కోసం తెల్లపొణికి కర్రకీ, వంటచెరకుకీ, పశువుల వెనకా తిరిగినవాళ్ల కాళ్లే ఇలాంటి దారుల్ని తెరిచి ఉంచాయి. వాళ్ల రాకపోకలు తగ్గితే రెండు వానాకాలాల్లో పొదలు మూసేస్తాయి. అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ ట్రెయిల్‌ని ముప్పై దాకా వాలంటీరు క్లబ్బులు ముక్కలుగా పంచుకుని చూసుకుంటాయి. పడిన చెట్లు కోయడం, వాన నీటికి పక్కదారి తీయడం, చెరిగిన గుర్తులకి మళ్లీ రంగు వేయడం వాళ్ల పని. నడిచేవాడికి ఇవేవీ కనపడవు. కనపడకపోతేనే పని బాగా జరిగినట్టు.

మన సాహిత్యానికి దారిని చూసే కన్ను మొదట్నుంచీ లేదా అంటే, ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లొస్తూ రాసిన, 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ తీయండి. ఎక్కడ ఇసక, ఎక్కడ రాళ్లు, ఎక్కడ అడుసు, ఏ ఊళ్లో నీళ్లు, ఏ ఊళ్లో బస. తీర్థమాహాత్మ్యాల కోసం తెరిచినవాడికి మజిలీ వెంట మజిలీ ఈ వివరాలు విసుగు పుట్టిస్తాయి. నాకు మాత్రం ఆ పుస్తకం బలం అక్కడే కనిపిస్తుంది. వెనక వచ్చేవాడికి పనికొచ్చేలా రాశాడు. అయితే ఆయన పల్లకిలో ప్రయాణం చేశాడు. ఆ రాళ్లూ అడుసూ ముందుగా తెలిసింది బోయీల పాదాలకి. వాళ్ల వైపు నుంచి ఆ యాత్ర రాసినవాళ్లు లేరు.

ఇది ఆ ఒక్క పుస్తకం సంగతి కాదు. శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించినవాడిగా ప్రోలయ వేమారెడ్డి పేరు దాదాపు ఏడు వందల ఏళ్లుగా నిలిచి ఉంది. ఆ మెట్ల మీద నాచు గీకినవాళ్ల పేరు ఒక్కటీ లేదు. కట్టడం చరిత్రలో పడుతుంది. ఊడ్చింది మర్నాటికి మాసిపోతుంది, మళ్లీ ఊడవాలి. ప్రతిరోజూ ఒకేలా జరిగే పనికి కథ కట్టడం కష్టం.

ఆ కష్టాన్ని నెత్తికెత్తుకున్న తెలుగు రచన ఒకటుంది. దాన్ని సాహిత్యం లెక్కలో వేసినవాళ్లు తక్కువ. అది కొండ మీద పుట్టలేదు. బెజవాడ దాటి అవనిగడ్డ వైపు దిగితే కొండలుండవు. డెల్టాలో నడక దారి అంటే కాలువ గట్టు, పంట రోడ్డు. పడవల కాలంలో తాడు భుజాన వేసుకుని మనుషులు పడవని లాగింది ఆ గట్ల మీదే. గట్టుకి గండి పడకుండా చూసేది లస్కరు. ఆ దారిలో చల్లపల్లి. జమీందారీకీ, దాని మీద జరిగిన భూపోరాటాలకీ పేరుపడ్డ ఊరు.

2014 నవంబర్ 12న డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ టి. పద్మావతి దంపతులు మరికొందరితో కలిసి ఇక్కడ రోడ్లు ఊడవడం మొదలుపెట్టారు. తెల్లవారుజామున నాలుగు దాటాక మొదలై ఆరు దాకా. చెత్త, ముళ్లకంప, కాలవల్లో పూడిక, రోడ్డు పక్క బహిర్భూమి. ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటాల్సిన గంగులవారిపాలెం రోడ్డు, ఇప్పుడు జనం నడక కోసం వెతుక్కుని వచ్చే పూల దారి. ‘మనకోసం మనం’ ట్రస్టు దీని వెనక ఉంది. ఇదంతా పత్రికల్లో వచ్చిందే. నేను చెప్పాలనుకున్నది వాళ్లు రోజూ రాసే నివేదిక గురించి.

రూపం చాలా సాదా. ఇది ఎన్నో రోజు, ఎన్ని గంటలకి మొదలైంది, ఎందరొచ్చారు, ఏ రోడ్డు, ఏం చేశారు, ఎప్పుడు ముగిసింది. చివర్న నినాదాలు, ఒక్కోసారి పద్యం. మూడు వేలు దాటిన లెక్క. ఒక్కటే చదివితే ఏమీ లేదు. యాభై వరసగా చదవండి. అదే రోడ్డు మళ్లీ వస్తుంది. నిన్న తీసిన చెత్త ఇవాళ మళ్లీ ఉంటుంది. ఒకరోజు ఇరవై మంది, ఒకరోజు ముప్పై. గెలుపు ఎక్కడా రాదు. ట్రెక్ కథకి శిఖరం ఉంటుంది కాబట్టి ముగింపు సులువు. దీనికి ముగింపు లేదు. రేపు మళ్లీ నాలుగింటికి లేవాలి. పని ఆకారమే రాతకి ఆకారమైంది.

లోపాలు లేవని కాదు. రచన అంకెల్నీ, పనిముట్లనీ, స్థలాల పేర్లనీ పట్టుకున్నంతసేపూ నిలబడుతుంది. ప్రశంసలోకి దిగగానే జారుతుంది. విశేషణాలు వరస కడతాయి, కార్యకర్తలు మహనీయులైపోతారు. పారతో పూడిక తీసిన మనిషి నడుం నొప్పి ఒక్క వాక్యంలో చెబితే చాలు, దానికి నమస్కారాలక్కర్లేదు. పద్యం వచ్చినచోట చాలాసార్లు ఆనాటి పని వెనక్కి పోయి ఆదర్శం ముందుకొస్తుంది.

ఇక్కడ పెద్ద చిక్కు ఒకటుంది. ఈ నేల మీద గట్లూ దారులూ బాగుచేసే పనికి స్వచ్ఛందం కాని చరిత్ర ఉంది. చెరువులకీ నదులకీ గండ్లు పడితే ఊరి కూలీల్ని బలవంతంగా పనిలోకి దింపొచ్చని మద్రాసు ప్రెసిడెన్సీకి 1858లో చట్టమే వచ్చింది. వెట్టి ఎవరి ఇంటికి వచ్చేదో చెప్పక్కర్లేదు. డాక్టరు చీపురు పడితే సేవ, తరతరాలుగా చీపురు పట్టించబడ్డ కులాల మనిషి పడితే డ్యూటీ. మొదటిదానికి డైరీ, రెండోదానికి హాజరు పుస్తకం. ఆ తేడా చల్లపల్లి కార్యకర్తలు పుట్టించింది కాదు. పైగా డాక్టర్లూ లెక్చరర్లూ ఊరి మురికిలో చెయ్యి పెట్టడం ఆ తేడాని ఎంతో కొంత కదిలిస్తుంది కూడా. కానీ ఈ రికార్డులో కథానాయకులు కార్యకర్తలే. అదే రోడ్డుని జీతానికి ఊడ్చే మనిషి ఇంతే వివరంగా, తన పేరుతో, తన మాటల్లో కనిపించే రాత మనకింకా లేదు. ఈ నివేదికలు ఆ ఖాళీని చూపిస్తున్నాయి కాబట్టే ముఖ్యమనుకుంటాను.

కొండపల్లి కథల దగ్గరికి వస్తే, అడవి ఎక్కేవాళ్లు ఈమధ్య సంచులు తీసుకెళ్లి ప్లాస్టిక్ ఏరుకొస్తున్నారు. మంచిదే. అది కూడా ఫొటోకి నిలబడే ఒక ఆదివారంగా మిగలకుండా ఉండాలంటే, ఎంత దూరం శుభ్రం చేశారు, మళ్లీ ఎప్పుడొచ్చారు, ఈ మధ్యలో ఏం పేరుకుంది అన్నది కూడా రాయాలి. అలా రాయడం ఎలాగో తెలియాలంటే చల్లపల్లి నివేదికలు వరసగా చదవాలి. ఎవరైనా ఓపిగ్గా ఓ రెండొందల రోజులు ఏరి, పొగడ్తలు కత్తిరించి, రోడ్ల మ్యాపుతో పుస్తకం వేస్తే బాగుండు. కాశీయాత్ర చరిత్ర పక్కన ఆ పుస్తకానికి చోటుంది.