వేదిక గొంతు, మైకు గొంతు: రికార్డు సేకర్తల ఇష్టాల వెనుక

హైదరాబాదు హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమయ్యే నాటికే గ్రామఫోను రికార్డు మార్కెట్టు నుంచి దాదాపు తప్పుకుంది. దాని స్థానాన్ని ఆక్రమించిన క్యాసెట్టుకు కూడా కాంపాక్ట్ డిస్కు రూపంలో గండం మొదలైంది. అటువంటి రికార్డు ఇప్పుడు మళ్లీ మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ ప్రాంతాల ఇళ్లలోకి చేరుతున్నదంటే, విదేశాల్లో కొన్నాళ్లు ఉద్యోగం చేసి వచ్చినవారి అలవాటు అందుకు ఒక కారణం కాగా, ప్రపంచమంతటా వీస్తున్న గాలి మరొక కారణం. అమెరికాలో 2020లో రికార్డుల అమ్మకాల ఆదాయం 1980ల తర్వాత తొలిసారిగా కాంపాక్ట్ డిస్కుల ఆదాయాన్ని మించిపోయింది. అక్కడి సేకర్తలు ప్రాణప్రదంగా చూసుకునే వాటిలో 1960, 70 దశకాల సోల్ సంగీతపు రికార్డులది ముందు వరుస. ఆ రికార్డులలో వెతికే గుణాలనే మన ప్రాంతంలో వెతకదలచినవారికి సినిమా పాటల కంటే ముందుగా చేతికి తగిలేవి నాటక పద్యాల రికార్డులు, సేకర్తలు ‘ప్రైవేటు పాటలు’ అని పిలుచుకునే లలిత గీతాల రికార్డులు.

సోల్ అంటే అమెరికాలోని నల్లజాతి క్రైస్తవుల ప్రార్థనా గీతాల గాన పద్ధతిని లౌకికమైన ప్రేమ గీతాలకు, వేడుకల లయకు జోడించగా పుట్టిన శైలి. 1954 ప్రాంతంలో రే చార్లెస్ ఈ కలయికకు బాట వేసినప్పుడు దేవుడి పాటను బజారున పెట్టాడన్న నిందను కూడా మోయవలసి వచ్చింది. అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి డిట్రాయిట్‌లో పేరుపొందిన మతబోధకుడు. ఆయన ప్రసంగాలే రికార్డులుగా వచ్చి అమ్ముడయ్యాయి, కూతురు 1972లో లాస్ ఏంజిలిస్‌లోని ఒక చర్చిలో భక్తుల కేకల మధ్యనే ఒక ఆల్బమ్ పాడి రికార్డు చేయించింది. ఈ శైలిలో రెండు రకాల గొంతులు స్పష్టంగా వినిపిస్తాయి. పాత సినిమా హాలును స్టూడియోగా మార్చుకున్న మెంఫిస్‌లోని స్టాక్స్ సంస్థలో ఓటిస్ రెడింగ్ వంటివారు ప్రార్థనా మందిరంలో చివరి బల్ల దాకా చేరవలసిన గొంతుతోనే పాడితే, డిట్రాయిట్‌లో 1959లో మొదలైన మోటౌన్ సంస్థకు చెందిన మార్విన్ గే 1971 నాటి ‘వాట్స్ గోయింగ్ ఆన్’లో మైకుకు దగ్గరగా, తన గొంతునే రెండు పొరలుగా పేర్చి, చెవిలో చెప్పినట్లు పాడాడు. మొదటిది వేదిక గొంతు, రెండవది మైకు గొంతు.

తెలుగు రికార్డుల చరిత్రలో ఈ విభజన అంతకు ముప్పై నలభై ఏళ్ల ముందే కనిపిస్తుంది. 1920ల మధ్య వరకు రికార్డింగు అంటే గాయకుడు పెద్ద గొట్టంలోకి పాడగా ఆ గాలి ఒత్తిడే ముల్లును కదిలించి మైనపు పలకపై గాడిని గీసే పద్ధతి. దానికి బలమైన గొంతు తప్పనిసరి. 1925లో విద్యుత్ మైకుతో రికార్డు చేసే విధానం వచ్చాక మెల్లని గొంతుకు కూడా చోటు దొరికింది. మన నాటక గాయకులు మాత్రం అప్పటికే మైకులు లేని పందిళ్లలో వేలమందికి వినిపించవలసిన అవసరం నుంచి తమ విద్యను దిద్దుకున్నారు: హార్మోనియంపై పై మెట్ల శ్రుతిని ఎన్నుకోవడం, పద్యాన్ని తాళానికి కట్టకుండా రాగంలో విడుదల చేయడం, చివరి పాదం తర్వాత ఆలాపనను జనం ‘వన్స్ మోర్’ అనేదాకా సాగదీయడం వారికి వెన్నతో పెట్టిన విద్యలు. కపిలవాయి రామనాథశాస్త్రి, బందా కనకలింగేశ్వరరావు, నోట్లో వేలు పెట్టి ఈల వేస్తూ రాగాలు పలికించిన కల్యాణం రఘురామయ్య, స్త్రీ పాత్రలకు మారుపేరైన స్థానం నరసింహారావు ఈ సంప్రదాయానికి చెందినవారు.

పది అంగుళాల రికార్డు ఒక వైపున మూడు నిమిషాలకు మించి పట్టదు. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి. నాలుగు పాదాలను అర్థం తెలిసేటట్లు విరిచి చదివితే నిమిషం లోపే పూర్తవుతుంది, మిగిలిన రెండు నిమిషాలే రాగానికి దక్కేవి. పందిట్లో పది నిమిషాలు తీసుకునే ఆలాపన ఇక్కడ రెండు మూడు సంగతులకు కుదించుకుపోతుంది, కానీ ఆ రెండు మూడూ గాయకుడు తన మొత్తం సొత్తులోంచి ఏరుకున్నవి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలలోని కృష్ణ రాయబారం పద్యాలను ఒక్కొక్కరు ఒక్కొక్క తీరున పాడిన రికార్డులను పక్కపక్కన పెట్టుకుని వింటే, పాదం చివర ఆగేవారెవరో, యతి స్థానాన్ని దాటించి వాక్యం ముగిసిన చోట ఆగేవారెవరో ఇట్టే తెలిసిపోతుంది. రెండవ రకం వారిదే గొప్ప విద్య అనడానికి వెనుకాడనక్కరలేదు.

మైకు గొంతు మద్రాసు స్టూడియోలలో పెరిగింది. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన లలిత గీతాలు, శంకరంబాడి సుందరాచారి రాసిన ‘మా తెలుగుతల్లికి’ గీతానికి టంగుటూరి సూర్యకుమారి ఇచ్చిన రికార్డు ఇందుకు మేలైన ఉదాహరణలు. వీటిలో గమకం ఉంటుంది గానీ కచేరీ గమకంలా విజృంభించదు. ఊపిరి తీసుకున్న చోటు కూడా పాటలో భాగంగానే వినిపిస్తుంది. ఈ రెండు గొంతుల మధ్య వంతెన కట్టినవాడు ఘంటసాల వేంకటేశ్వరరావు (1922–1974). కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ రికార్డులో ఆయన నాటక పద్యపు రాగ విస్తారాన్ని నిలుపుకుంటూనే శ్రుతిని, బిగ్గరతనాన్ని తగ్గించి, పద్యాల నడుమ వచనాన్ని మామూలు మాటలా పలికారు. మరణానంతరం 1974లో విడుదలైన భగవద్గీతలో శ్లోకానికీ తాత్పర్యానికీ మధ్య గొంతు మారే తీరు ఈ విద్యకు పరాకాష్ఠ. ఈ రెండూ ఇంటింటా మోగినవే కాబట్టి సేకర్తల లెక్కలో వాటికి అరుదైన వస్తువుల ధర పలకదు, అయినా వాటిని వదులుకునే సేకర్త ఉండడు.

అరుదుతనమే విలువ అనుకునే ధోరణి ఇంగ్లండులోని సోల్ అభిమానుల్లో విపరీతానికి పోయింది. 1973లో మొదలైన విగన్ కాసినో నృత్యశాల నాటి రోజుల్లో, తాము వాయిస్తున్న రికార్డు ఏదో పోటీదారులకు తెలియకూడదని దానిపై వేరే లేబుల్ అతికించిన నిర్వాహకులు ఉన్నారు. ఫ్రాంక్ విల్సన్ 1965లో మోటౌన్‌కు పాడిన ఒక పాట ప్రతులను కంపెనీయే నాశనం చేయడంతో, వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే మిగిలి, ఒక్కొక్కటి వేల పౌండ్లకు అమ్ముడైంది. భారతదేశంలో ఇందుకు సమానమైన వింత ఒకటుంది: చాలా దేశాలు నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు స్వస్తి చెప్పిన తర్వాత కూడా ఇక్కడ దాని తయారీ కొనసాగడంతో బీటిల్స్ పాటలు ఆ రూపంలో ఇక్కడ అచ్చయ్యాయి, వాటి కోసం పాశ్చాత్య సేకర్తలు ఇప్పటికీ వెతుకుతుంటారు. మద్రాసులో వేలాది రికార్డులు కూడబెట్టిన వి.ఎ.కె. రంగారావు వంటివారి దారి వేరు. పాడినవారెవరు, బాణీ ఎవరిది, ఏ పాటకు ఏ పాట మూలం అన్న ప్రశ్నలకు రికార్డునే సాక్ష్యంగా వాడుకునే పాండిత్యం అది.

ఆ సాక్ష్యాన్ని చదవడం ఒక నేర్పు. లేబుల్ మీద ఉండేది అమ్మకానికి ఇచ్చిన సంఖ్య. గాడి ముగిసి లేబుల్ మొదలయ్యే లోపు నున్నటి చోట చెక్కి ఉండేది అచ్చుదిమ్మె సంఖ్య, రికార్డింగు వరుసను పట్టించేది అదే. లేబుల్ ఒక్కోసారి అబద్ధమాడుతుంది కూడా: 1949 నాటి ‘మహల్’ హిందీ చిత్రం రికార్డుపై మొదట లతా మంగేష్కర్ పేరుకు బదులు పాత్ర పేరైన ‘కామిని’ అచ్చయింది. ఇక వేగం సంగతి మరింత సున్నితమైనది. చుట్ల వేగంలో సుమారు ఆరు శాతం తేడా వస్తే శ్రుతి హార్మోనియంపై ఒక మెట్టు మారుతుంది. అంటే 78 దగ్గర ఆడవలసిన రికార్డును దాదాపు 83 దగ్గర ఆడిస్తే గాయకుడి గొంతు సన్నబడడమే కాక, ఆయన ఎంచుకున్న శ్రుతి గురించి వినేవారు కట్టే అంచనా అంతా తప్పుతుంది. నాటక రికార్డుల్లో వెనుక మోగే హార్మోనియం ఏదో ఒక మెట్టుకు సరిపోయేదాకా వేగాన్ని సవరించుకోవడం ఇందుకు ఉపాయం.

ముల్లు విషయంలో అజాగ్రత్త ఖరీదైనది. లాంగ్ ప్లే రికార్డు గాడికి సరిపోయే ముల్లు కొన సుమారు 18 నుంచి 25 మైక్రాన్లు ఉంటే, 78 చుట్ల రికార్డు గాడికి 75 మైక్రాన్ల కొన కావాలి. సన్నని ముల్లు వెడల్పాటి గాడి అడుగున దొర్లి చెత్తను పలికిస్తుంది తప్ప పాటను కాదు. పాత రికార్డు తయారైనది లక్కతో, లాంగ్ ప్లే తయారైనది వినైల్ ప్లాస్టిక్‌తో కాబట్టి శుభ్రం చేసే పద్ధతీ వేరు. వినైల్‌ను ఆల్కహాల్ కలిపిన ద్రావణంతో తుడవవచ్చు, లక్కను ఆల్కహాల్ కరిగించివేస్తుంది, పాట తుడిచిన బట్టకు అంటుకుని వస్తుంది. ఆబిడ్స్ ఆదివారపు ఫుట్‌పాత్ మీదనో ఎర్రగడ్డ సంతలోనో కొన్న రికార్డును ఐటీ కారిడార్ అపార్టుమెంటులో కుళాయి నీటితో కడగడం కూడా మంచిది కాదు. బోరు, ట్యాంకరు నీటిలోని ఉప్పు గాడిలో తెల్లగా పేరుకుని ఆరిన తర్వాత చిటపటలుగా వినిపిస్తుంది, డిస్టిల్డ్ వాటరే శరణ్యం. రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా నిలబెట్టాలి, పడమటి కిటికీ పక్కన అసలే పెట్టరాదు: వేసవి ఎండకు వినైల్ వంకరపోతుంది, లక్క రికార్డుకైతే చేయి జారడం ఒక్కటి చాలు.

ఇటువంటి రికార్డును డిజిటల్ రూపంలోకి మార్చి నలుగురికీ అందుబాటులో ఉంచవచ్చునా అన్న ప్రశ్నకు కాపీరైటు చట్టం రెండంచెల జవాబు చెబుతుంది. శబ్ద రికార్డింగుపై హక్కు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, అందులోని రచనపై హక్కు రచయిత మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. జంట రచయితలైతే ఇద్దరిలో చివరివారి మరణం నుంచి లెక్క. తిరుపతి వేంకట కవులలో చివరివారైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1950లో కన్నుమూశారు కనుక పాండవోద్యోగ విజయాల పద్యాలు 2010తో స్వేచ్ఛ పొందాయి, ఆనాటి రికార్డింగుల గడువూ ఎప్పుడో తీరింది. కరుణశ్రీ మరణం 1992 కాబట్టి ‘పుష్పవిలాపం’ రికార్డింగు గడువు ముందుగా తీరినా పద్యం 2052 దాకా హక్కుదారులదే. అందువల్ల అడ్డంకి లేకుండా ఇప్పుడే భద్రపరచదగినవి వేదిక గొంతుల రికార్డులు. పెళుసు లక్కవి కావడంతో ముందుగా విరిగిపోయేవీ అవే.