137వ కీర్తనలో విడిచిపెట్టిన వచనములు

బైబిలులో శత్రువులను శపించు ప్రార్థనలు గలవు. 58, 69, 83, 109, 137 కీర్తనలు వీటిలో ముఖ్యమైనవి. శత్రువులను ప్రేమింపుమని చెప్పిన క్రీస్తును నమ్మువారు వీటిని నోట పలుకవచ్చునా అన్నది పాత ప్రశ్నయే.

సంఘములు ఇచ్చిన ఒక జవాబు, వాటిని తీసివేయుట. అమెరికాలోని మెథడిస్టుల కొరకు 1784లో జాన్ వెస్లీ సిద్ధపరచిన ఆరాధన పుస్తకములో, క్రైస్తవుల నోట తగవని పలు కీర్తనలను విడిచిపెట్టెను. 1971లో వెలువడిన రోమన్ కతోలిక నిత్య ప్రార్థన గ్రంథములో 58, 83, 109 కీర్తనలు పూర్తిగా లేవు. 137లో చివరి మూడు వచనములు లేవు. 1978లో లోకమంతా విన్న బోనీ ఎమ్ పాటలోను అవి లేవు.

రెండవ జవాబు, అర్థము మార్చుట. బబులోను పసిపిల్లలనగా మనలో అప్పుడే పుట్టిన దురాశలనియు, వాటిని కొట్టవలసిన బండ క్రీస్తేయనియు అగస్టీను వ్యాఖ్యానించెను. ఇది భక్తికి మంచిదే. కాని ఏడ్చినవారి ఏడుపు ఇందులో వినబడదు.

ఆ కీర్తన ఎవరిది? యెరూషలేము కూలిన పిమ్మట చెరలోనికి పోయినవారిది. 1860 నుండి 1911 వరకు ఓడలెక్కి నేటాల్ తోటలకు పోయిన మన పెద్దలు చెరపట్టబడినవారు కారు, ఒప్పంద కూలీలు. అయినను ఆ బాధ వారికి పరాయిది కాదు. 1903లో నేటాల్ వచ్చిన జాన్ రంగయ్యగారు కీర్స్నీ టీ తోటలో తెలుగు బాప్టిస్టు సంఘమును స్థాపించిరి. తోటలోని కూలివానికి దొర దగ్గర, న్యాయస్థానము దూరము. అట్టివాడు తన పగను దేవునికి అప్పగించి, తాను చెయ్యి ఎత్తకుండుటయే ఈ ప్రార్థన. పగతీర్చుట దేవుని పనియని పౌలు రోమీయులకు వ్రాసినదియు ఇదే.

పసిపిల్లల చావు కోరుట మంచిదని మేము అనము. ఆ కోరిక చెడ్డదే. దానిని దాచక దేవుని యెదుట పెట్టుట మంచిది. ఆ వచనములు తీసివేసినచో దెబ్బ తిన్నవాని నోరు మూసినట్లగును.

అయితే ఒక హద్దు గలదు. ఇక్కడ నోవైలో ఇల్లు, కారు, ఉద్యోగము గల మనము, ఆస్తి తగవు పెట్టుకొన్న అన్నదమ్ముల మీదనో, మనకంటె ముందు ప్రమోషను పొందినవారి మీదనో 109వ కీర్తన చదువుట తగదు. అది మొర కాదు, కసి. ఈ కీర్తనలను మనము ఆదరువు లేనివారి పక్షమున చదువవలెను. చదువుచు, వారి శత్రువుల వరుసలో మనము నిలిచియున్నామేమో చూచుకొనవలెను.