సద్ది కట్టే ఋతువు

బతుకమ్మ అనగానే ఎవరి కలమైనా పూల మీదికే పోతుంది. తంగేడు, గునుగు, బంతి, కట్ల, గుమ్మడి పువ్వు... వాటి గురించి ఎంత రాసినా తనివి తీరదు, నిజమే. అయితే ఆ తొమ్మిది రోజులూ వంటింట్లో సాగే పనిని మాత్రం 'సద్దులు, సత్తులు చేసి నైవేద్యం పెడతారు' అన్న ఒక్క ముక్కతో దాటేస్తాం. పూలు పేర్చడం ఎంత విద్యో, పొద్దున వండి చెరువు గట్టుకు మోసుకుపోయిన అన్నం రాత్రిదాకా చెడకుండా, రుచి తగ్గకుండా చూసుకోవడమూ అంతే విద్య. తల్లి చేతి నుంచి బిడ్డ చేతికి మాటల్లేకుండా అందుతూ వచ్చింది కాబట్టి దాన్నెవరూ ఆ పేరుతో పిలవలేదు.

భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై, ఆశ్వయుజ శుద్ధ అష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది ఈ పండుగ. శరదృతువు అప్పుడే గడప తొక్కుతుంటుంది. నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదిలి వెళ్లేది మామూలుగా అక్టోబరు నడిమి రోజుల్లో. అందుకే పండుగనాడు పగలు ఎండ చురుక్కుమన్నా గాలిలో తేమ పోదు. మూడు నెలల ముసురుకు డబ్బాలో పిండికి మక్కిన వాసన పట్టి ఉంటుంది. బెల్లం చెమ్మగిల్లి ఉంటుంది. పప్పుల్లో పురుగు కనిపిస్తుంది. ఈ కాలంలో వంటకు అసలు శత్రువు తడి. ఎక్కడ తడి ఉండనివ్వాలి, ఎక్కడ సగం తీసేయాలి, ఎక్కడ చుక్క లేకుండా పోగొట్టాలి అన్న లెక్క మీదే బతుకమ్మ వంటలన్నీ నడుస్తాయి.

మొదటి నాలుగు రోజులవి తేలికైన నైవేద్యాలు. ఎంగిలిపూల నాడు నువ్వులు, బియ్యప్పిండి లేదా నూకలు. ఆ తర్వాత వరసగా అటుకులు, చప్పిడి పప్పు, బెల్లం. ముద్దపప్పు, పాలు, బెల్లం. నానబియ్యం, పాలు, బెల్లం. పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడే పనే లేదు. చేలల్లో కలుపూ కాపలా తెమలని రోజులివి, అందుకేనేమో పెద్దలు ఇంత తేలిగ్గా పెట్టారు. అలాగని వీటిలో నేర్పు లేదనుకోకూడదు. నానబియ్యమే తీసుకోండి. గింజను గోటితో నొక్కితే విరిగేదాకా నానితే చాలు, అంతకు మించితే పులిసిన వాసన వస్తుంది. నీళ్లు వంపేసి, గుడ్డ మీద కాసేపు ఆరనిచ్చాకే బెల్లం తురుము కలపాలి. తడి మీద కలిపితే బెల్లమంతా కరిగి గిన్నె అడుక్కు చేరుతుంది, పైన బియ్యం చప్పగా మిగులుతుంది.

అయిదో రోజు అట్లు. ఆరో రోజు అమ్మవారు అలిగిందని నైవేద్యమే ఉండదు. ఏడో రోజు వేపకాయలు. సకినాలకు పట్టించే పిండినే వేపకాయల ఆకారంలో చేసి నూనెలో వేయిస్తారు. బియ్యం నానబెట్టి, నీడన ఆరబెట్టి, చేత్తో పట్టుకుంటే చల్లగా తగులుతుండగానే పట్టించాలి, పూర్తిగా ఎండనివ్వకూడదు. ఇక్కడ కావలసింది ఆ సగం తడే. పిండిని జల్లించకపోయినా, ఉండను మరీ గట్టిగా నలిపి నున్నగా చేసినా లోపల ఆవిరి చిక్కుకుని నూనెలో టపీమని పేలుతుంది. అందుకే పిండి మెత్తగా జల్లిస్తారు, ఉండను వేళ్లతో వదులుగా తిప్పుతారు, మంట నడితరంగా ఉంచుతారు. ఎనిమిదో రోజు నువ్వులు, బెల్లం, వెన్నతో వెన్నముద్దలు. ఇక మిగిలింది అసలు రోజు.

సద్దుల నాడు చేసేవి అయిదు అన్నాలు: చింతపండు పులిహోర, నిమ్మకాయ అన్నం, నువ్వులన్నం, కొబ్బరన్నం, పెరుగన్నం. అన్నీ మధ్యాహ్నానికే తయారై ఉండాలి, ఎందుకంటే ఆ తర్వాత ఇంటిల్లిపాదీ పూల పనిలో పడతారు. తినేదేమో చీకటి పడి, ఆట ముగిసి, బతుకమ్మను నీళ్లలో సాగనంపాక. నడుమ ఏడెనిమిది గంటలు. ఫ్రిజ్ అన్న మాట పుట్టకముందే, తేమగాలి వీచే రోజుల్లో, అన్నాన్ని అంతసేపు నిలబెట్టిన పద్ధతి ఇది.

మొదట బియ్యం సంగతి. సద్దుల నాటికి వానాకాలం వరి ఇంకా పొలంలోనే ఉంటుంది, కొత్త బియ్యం రావడానికి నెల పైనే పడుతుంది. ఇంట్లో ఉండేది యాసంగిలో కోసినవో, నిరుటివో. పండుగకు పాత బియ్యమా అని చిన్నబుచ్చుకోవలసిన పనిలేదు, సద్దికి అవే మేలు. నిల్వ ఉన్న కొద్దీ గింజలోని పిండి పదార్థం, మాంసకృత్తులు గట్టిపడతాయి. ఉడికేటప్పుడు ఎక్కువ నీళ్లు తాగి గింజ ఉబ్బుతుంది తప్ప ఒకదానికొకటి అంటుకోదు. కొత్త బియ్యంతో పులిహోర కలిపి చూసినవారికి ఆ తేడా చెప్పనక్కర్లేదు. ఇంట్లో ఉన్న సరుకుకూ ఋతువుకూ చేయాల్సిన వంటకూ ఇంత చక్కగా కుదిరిన పండుగలు తక్కువ.

అన్నం పలుకు మీద ఉండగానే దించి, వెడల్పాటి తాంబాళంలో పరచి, నూనె, పసుపు వేసి విడదీస్తారు. ఇది పొడిపొడిగా ఉండాలనే కాదు. వండిన అన్నంలో కూడా కొన్ని సూక్ష్మజీవుల బీజాలు చావకుండా మిగిలే ఉంటాయి. అన్నాన్ని కుండలోనే మూతేసి గోరువెచ్చగా ఉంచితే అవి లేచి పెరుగుతాయి. పలచగా పరిస్తే ఆవిరి పోతుంది, త్వరగా చల్లారుతుంది. మూత మీద ఊరిన నీటిచుక్క అన్నంలో పడకుండా చూసుకోవాలని పాతకాలపు ఆడవాళ్లు పట్టుబట్టేది ఇందుకే. పులుపు కలిసేది ఆ తర్వాత. పులుపులో ఆ జీవులు అంత తేలిగ్గా పెరగవు.

పులిహోర పులుసుకు ఒకటే గురుతు: నూనె పైకి తేలాలి. చింతపండు రసం ఉడుకుతూ చిక్కబడి, గరిటె వెంట ముద్దగా కదులుతూ, అంచుల్లో నూనె విడిపోయి కనిపించిందంటే లోపలి నీరు పోయిందని అర్థం. అంతకుముందే దించితే అన్నం తడిసి ముద్దవుతుంది, సాయంత్రానికి వాసన మారుతుంది. నిమ్మకాయ అన్నానిది పూర్తిగా వేరే దారి. దానికి రసాన్ని మంట మీద పెట్టకూడదు. తాలింపు దించాక, అన్నం చల్లారాక పిండాలి, లేదంటే చేదెక్కుతుంది.

కొబ్బరన్నం అయిదింటిలోకీ నాజూకైనది. పచ్చికొబ్బరిలో నీరూ తీపీ రెండూ ఉన్నాయి, కాబట్టి ముందుగా చెడేది అదే. తురుమును నేతిలో సన్నని సెగ మీద తడి ఇగిరేదాకా వేయించి కలపడం ఒక జాగ్రత్త, గట్టు మీద విస్తరి వేసినప్పుడు దాన్నే ముందు వడ్డించడం ఇంకో జాగ్రత్త. పెరుగన్నంలో పెరుగు తక్కువ, పాలు ఎక్కువ. అన్నం మెత్తగా మెదిపి, కాచి ఆరబెట్టిన పాలు పోసి, రెండు గరిటెల పెరుగు కలిపితే, ఆట అయ్యే వేళకు అది తనంతట తానే తోడుకుని కమ్మగా ఉంటుంది. పొద్దునే నిండా పెరుగు పోస్తే రాత్రికి నోట పెట్టుకోలేం.

నాకు నువ్వులన్నం అంటే ప్రత్యేకమైన మక్కువ, అందుకే దాని దగ్గర కాస్త ఆగుతాను. నువ్వు గింజలో దాదాపు సగం నూనే. సాధారణంగా నూనె ఎక్కువున్న గింజ పొడి త్వరగా కనరెక్కుతుంది. నువ్వులు అంత తొందరగా లొంగవు. వాటిలో సహజంగా ఉన్న కొన్ని పదార్థాలు నూనెను కాపాడతాయి, వేయించినప్పుడు వాటి నుంచి సెసమాల్ అనే మరో రక్షకం కూడా పుడుతుంది. ఆ పేరు తెలియకపోయినా మన పెద్దలకు ఫలితం తెలుసు. బరువైన మూకుడు, చిన్న మంట, పలచటి పొర. మొదట గింజలు మౌనంగా ఉంటాయి, కాసేపటికి ఒకటీ అరా చిట్లుతాయి, తర్వాత అన్నీ కలిసి ఎగరడం మొదలెడతాయి. రెండు వేళ్ల మధ్య నలిపితే పొట్టు విరిగి పొడి కావాలి. అప్పుడే పళ్లెంలోకి మార్చేయాలి, మూకుట్లో వదిలేస్తే ఆ వేడికే మాడి చేదొస్తాయి. మా పెద్దమ్మ రోటి దగ్గర కూర్చుని, "సల్లగైనంకనే దంచు బిడ్డా, వేడి మీద దంచితే నూనె కక్కుతది" అనేది. మిక్సీకీ అదే సూత్రం. ఆపి ఆపి తిప్పితే పొడి, ఒక్క ఊపున తిప్పితే ముద్ద. ఎండుమిర్చి, ఉప్పుతో కలిసిన ఆ పొడి చల్లారిన అన్నంలో పడితే మిగిలిన కాస్త తేమనూ పీల్చుకుంటుంది.

ఇక సత్తులు. పల్లీ సత్తు, నువ్వుల సత్తు, పెసర సత్తు, మక్క సత్తు: వేయించి, విసిరి, తీపి కలిపిన పిండ్లు. పెసలు వానాకాలంలో తొందరగా చేతికొచ్చే పంట, పండుగకు ముందే ఇల్లు చేరుతుంది. మక్క కంకులు ఆ రోజుల్లోనే ఒలుస్తారు. వరి ఇంకా పండకుండానే కొత్త పంట రుచి చూపించేవి ఈ రెండు సత్తులే. కొత్త గింజలో తేమ ఎక్కువ, కాబట్టి వేయించే ఓపిక కూడా ఎక్కువ కావాలి. పెసలు ఎర్రబడి, కొరికితే కటుక్కుమనేదాకా వేగాలి. మక్కలు చిటపటలాడి పగలాలి. లోపల పచ్చి మిగిలితే సత్తు నాలుకకు అంటుకుంటుంది, నాలుగు రోజులకే బూజు పడుతుంది. నాలుగు గింజలనూ ఒకేసారి మూకుట్లో పోసి వేయించేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. దయచేసి అలా చేయకండి. నువ్వులు వేగే వేళకు మక్కకు వేడే ఎక్కదు, మక్క పగిలే వేళకు నువ్వులు బొగ్గవుతాయి.

తీపి కలపడంలోనూ తేడా ఉంది. పల్లీలు, నువ్వులు నూనె గింజలు, బెల్లంతో కలిసి వాటంతట అవే ముద్ద కడతాయి. పెసర, మక్క సత్తులు పొడిబారినవి, నూనె శాతం తక్కువ. వాటికి మెత్తగా చేసిన చక్కెరో, బాగా ఎండిన బెల్లం పొడో కలిపి, కాచిన నెయ్యి పోస్తారు. నీటి చుక్క తగలకూడదు. సత్తులతో పాటు చేసే మలీద మాత్రం ఆ పూటకా పూట తినాల్సిందే. రొట్టెను పెనం మీద రెండు వైపులా గట్టిగా కాల్చి, వేడి తగ్గకముందే తుంచి, నలిపి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కడతారు. పీర్ల పండుగకూ మన పల్లెల్లో ఇదే మలీద చేస్తారు. రెండు పండుగల్లోనూ చేసే చేతుల పట్టు ఒకటే, రుచి ఒకటే.

ఆట అయ్యాక ఆడవాళ్లు సత్తులు ఒకరికొకరు వాయనంగా ఇచ్చుకుంటారు. దీని విలువను మనం తక్కువగా అంచనా వేస్తున్నామని నా నమ్మకం. పది ఇళ్ల పల్లీ సత్తు ఒకే రాత్రి ఒకే నోటికి అందుతుంది. ఎవరిది ఎక్కువ వేగింది, ఎవరు యాలకులు వేశారు, ఎవరి బెల్లం తడిగా ఉంది అన్నది అక్కడే తేలిపోతుంది. "ఎట్ల చేసినవ్ వదినా?" అన్న ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది. కొత్తగా అత్తారింటి నుంచి వచ్చిన ఆడబిడ్డ అక్కడి పద్ధతి ఒకటి పుట్టింటికి తెస్తుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక పూల అలంకారాలకు పోటీలు, వేదికలు, దీపాలు వచ్చాయి, సంతోషం. సత్తు పట్టే పెద్దమనుషులను కూడా అదే వేదిక మీద కూర్చోబెట్టి, వాళ్ల చేతిపనిని పిల్లలకు చూపిస్తే ఎంత బాగుంటుంది! కొన్న సత్తు పొట్లాలతో పండుగ గడుస్తుంది గానీ, వేగిన నువ్వు వాసన ఎప్పుడు మారుతుందో తెలిసిన ముక్కు పొట్లంలో రాదు.

విదేశాల్లో ఉన్నవాళ్లు బంతిపూలూ చామంతులతో బతుకమ్మను పేరుస్తున్నారు. వంటకు మాత్రం వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది: ఇంట్లో అవెన్. పల్లీలను పళ్లెంలో ఒకే పొరగా పరచి, 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇరవై నిమిషాల లోపు, నడుమ ఒకటి రెండుసార్లు కదుపుతూ వేయిస్తే మూకుడు కంటే సమంగా వేగుతాయి. తీశాక కూడా లోపలి వేడికి కాస్త రంగు తిరుగుతాయి కాబట్టి, గింజ లేత బంగారు రంగులో ఉండగానే బయటికి తీయాలి. నువ్వులకు ఇంకా తక్కువ సమయం చాలు, వాటిని కనిపెట్టుకుని ఉండాలి. ఎక్కడ వేయించినా పూర్తిగా చల్లారాకే పొడి కొట్టాలి, పొడిని కూడా ఆరనిచ్చాకే డబ్బాకు ఎత్తాలి. తడి లేని స్టీలు డబ్బాలో, తడి లేని చెంచాతో వాడుకుంటే పల్లీ, నువ్వుల సత్తులు దీపావళి దాకా ఢోకా లేకుండా ఉంటాయి. పులిహోర పులుసు కూడా అంతే. సద్దుల నాటికి చేసేటప్పుడే రెండింతలు ఉడికించి సీసాలో ఎత్తిపెట్టుకుంటే, కార్తీకంలో వనభోజనాలకు అన్నం ఒక్కటి వండుకుంటే సరిపోతుంది.