ఛాయాచిత్రమును దాని వ్యాఖ్యయును - లోవెల్ థామస్ చిత్రసంచయ పరిశీలనము

తాళపత్రప్రతిని చేతబట్టిన పరిశోధకుడు దీనిని వ్రాసినవాడెవ్వడు, ఏ మాతృకను చూచి వ్రాసెను, ఎప్పుడు వ్రాసెను అని మొదట ప్రశ్నించుకొనును. పాఠమును గూర్చిన చర్చ ఆ పిమ్మటనే. ఛాయాచిత్రముల విషయమున మనమీ జాగ్రత్తను పాటించుట లేదు. కంటికి కనబడుచున్నదానికి వేరు సాక్ష్యమేల యను ధైర్యము మనలో నున్నది. ఆ ధైర్యమెంతవరకు చెల్లునో పరీక్షించుటకు లోవెల్ థామస్ చిత్రసంచయము మంచి ఆధారము.

థామస్ (1892-1981) అమెరికా దేశీయుడు. యుద్ధ విలేఖరి, దేశసంచారి, 1930 మొదలు 1976 వరకు రేడియోలో వార్తలు వినిపించినవాడు. ఈతని కాగితములు, గాజుపలకలు, ఛాయాచిత్రములు న్యూయార్క్ రాష్ట్రమందలి పొకీప్సీ నగరమున మారిస్ట్ విశ్వవిద్యాలయ గ్రంథాలయములో భద్రముగా నున్నవి. సంచయము థామస్ పేరిట నున్నది. కాని అందు మిక్కిలి ప్రసిద్ధములైన మొదటి ప్రపంచయుద్ధకాలపు చిత్రములను తీసినది థామస్ కాదు, అతని వెంట నడచిన హ్యారీ చేజ్. బ్రౌన్ దొర సేకరించిన ప్రతుల వెనుక జూలూరి అప్పయ మొదలగు పండితుల శ్రమ యున్నదని యెరిగియు మనము వానిని బ్రౌన్ ప్రతులనియే వ్యవహరించుచున్నాము. వాడుకను మార్చనక్కర లేదు. పరిశోధన వ్యాసమునందు సైతము చేజ్ పేరు విడిచిపెట్టుట మాత్రము క్షమింపదగినది కాదు.

1917లో అమెరికా యుద్ధమున దిగిన పిమ్మట స్వదేశ ప్రజలకు యుద్ధోత్సాహము కలిగించు సామగ్రిని సేకరించుటకై యీ యిరువురును ఐరోపాకు పోయిరి. పశ్చిమ రంగమునందలి కందకములలో కథానాయకుడు దొరకుట కష్టము. వారు పాలస్తీనాకు మరలిరి. ఆలెన్‌బీ సేనాని జెరూసలేము నగరమున ప్రవేశించినది 1917 డిసెంబరు 11వ తేదీ. వీరు చేరినది 1918 ఆరంభమున. నగరపు సైనిక గవర్నరైన రోనాల్డ్ స్టార్స్ అరబ్బు వేషముననున్న టి. ఇ. లారెన్స్‌ను థామస్‌కు పరిచయము చేసెను. తరువాత థామస్, చేజ్ అకబాకు పోయి అరబ్బు సేనల నడుమ ఉండిరి. థామస్ అచ్చట గడపినది కొలది దినములు మాత్రమే. ఈ కొలది దినములపై ఎంత కథ నిలిచినదో చూడుడు.

1919 ఆగస్టు 14న లండన్ నగరమున కోవెంట్ గార్డెన్ నాటకశాలలో థామస్ ప్రదర్శన ప్రారంభమయ్యెను. చేజ్ తీసిన చలనచిత్రములు, చేతితో రంగులద్దిన గాజుపలకల చిత్రములు తెరపై పడుచుండగా థామస్ ప్రక్కన నిలిచి ఉపన్యసించుచుండెను. వాద్యబృందము, నైలునదిపై వెన్నెల రంగాలంకరణము కూడ నుండెను. సందర్శకులు విరగబడి వచ్చిరి. మొదట ప్రదర్శన శీర్షికలో కనబడిన సేనాని పేరు ఆలెన్‌బీది మాత్రమే. జనులకు నచ్చినదెవ్వరి కథయో తెలిసిన పిమ్మట లారెన్స్ పేరు దాని సరసన చేరెను. 1924 నాటి గ్రంథమునకు 'విత్ లారెన్స్ ఇన్ అరేబియా' యని పేరు పెట్టునప్పటికి ఆలెన్‌బీ శీర్షికనుండి తొలగిపోయెను. మూల ఫలకములు మారలేదు, వ్యాఖ్య మారెను. వ్యాఖ్యను మూలముగా గ్రహించు అలవాటు మనకు కావ్యముల యెడల లేకపోలేదు గనుక, ఈ పరిణామము మనకు క్రొత్తగా తోపరాదు.

అసలు చిక్కు లారెన్స్ రూపచిత్రములలో నున్నది. ప్రదర్శనము జరుగు దినములలో లారెన్స్ లండన్‌లో నుండెను. ప్రేక్షకులలో కూర్చుండి చూచెను. పిదప తెల్లని అరబ్బు దుస్తులు ధరించి చేజ్ కెమెరా యెదుట నిలిచెను. ఎడారిలో తీసినవని లోకము నమ్మిన చిత్రములలో కొన్ని యిట్లు లండన్‌లో పుట్టినవే. ఇవి కల్పితములని త్రోసివేయువారు కలరు. ఆ తీర్పుతో నేనేకీభవింపను. అరేబియాకు సాక్ష్యముగా ఇవి నిలువవు; 1919 నాటి లండన్ ఎట్టి వీరుని కోరుకొనెనో, ఆ కోరికకు ఆ వీరుడే యెట్లు తోడ్పడెనో తెలుపుటకు మాత్రము ఇంతకు మించిన పత్రము లేదు. ఆ లారెన్స్ యే 1922లో మారుపేరు పెట్టుకొని వైమానిక దళమున సామాన్యుడుగా చేరెను. ఈ రెండు పనులను కలిపి చదువని జీవితచరిత్ర అసమగ్రము.

థామస్‌కు శీర్షికలపై గల మక్కువ మన దేశమును కూడ విడువలేదు. 1930లో భారతదేశమును గూర్చి వెలువరించిన గ్రంథమునకు అతడు కోణార్క దేవాలయమునకు ఐరోపా నావికులు పెట్టిన 'నల్ల పగోడా' పేరును తగిలించెను. ఇంత దేశమునకు ఆ యొక్క పేరు!

1949 నాటి టిబెట్టు చిత్రముల స్థితి వేరు. థామస్ కుమారునితో కలిసి లాసా చేరి, పదునాలుగేండ్ల దలైలామాను దర్శించి చిత్రములు తీసెను. తిరుగుదారిలో గుఱ్ఱముపైనుండి పడి తుంటి విరుగగా అతనిని మోసికొని వచ్చిరి. మరుసటి యేడు చైనా సేనలు టిబెట్టున ప్రవేశించెను. 1959లో దలైలామా దేశము విడిచెను. యాత్రికుని వినోదమునకై తీసిన చిత్రములు, తీసినవాని ఉద్దేశముతో నిమిత్తము లేకయే, గతించిన వ్యవస్థకు సాక్ష్యములైనవి. ఇచట వ్యాఖ్య పలుచన. అందుచేత మూలము చక్కగా కనబడుచున్నది.

మరల పాలస్తీనాకు వత్తము. ఆలెన్‌బీ సేనలో జోధపూరు, మైసూరు అశ్వికులతోపాటు హైదరాబాదు సంస్థానపు లాన్సర్లు ఒకే దళమున నుండిరి. 1918 సెప్టెంబరు 23న హైఫా నగరమును పట్టినది ఆ దళములోని జోధపూరు, మైసూరు సైనికులే. లండన్ ప్రదర్శన శీర్షికకెక్కిన రెండు పేర్లలో వీరెవ్వరికిని చోటు లేదు. ఆ యుద్ధమును చిత్రముల మూలమున అధ్యయనము చేయదలచిన మన విద్యార్థి పొకీప్సీ పలకలతో ఆగరాదు. ఢిల్లీలో ఆ మూడు సంస్థానముల సైనికుల స్మృత్యర్థము నిలిపిన తీన్‌మూర్తి విగ్రహములను, హైదరాబాదునందలి నిజాము ప్రభుత్వపు దస్త్రములను ప్రక్కన పెట్టుకొని ఆ చిత్రములను చూడవలెను.