అందుకునే గొంతు

అద్దంకి చుట్టుపక్కల ఏ ఊరికి వెళ్ళినా ఇప్పుడు ఆడవాళ్ళ కోలాటం జట్టు ఒకటి ఉంటోంది. ఒకే రంగు చీరలు, కాళ్ళకు గజ్జెలు, సాయంత్రం దీపాలు పెట్టే వేళకి గుడి ముందు గంటన్నర సాధన. తిరుమల బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం ముందు ఒక్కసారి ఆడాలని ఏడాదంతా అడుగులు నేర్చుకునే జట్లున్నాయి. నలభై దాటిన ఇల్లాలు ఆ గంటన్నర పాటు వంటింటిని మరిచిపోయి నవ్వుతూ తిరుగుతుందంటే ఆ మేలు కాదనేవాణ్ణి కాను. నా పేచీ అంతా పాటతోనే.

పాట పెన్‌డ్రైవ్‌లోంచి వస్తుంది. పెన్‌డ్రైవ్ పాట ఎవరి కోసమూ ఆగదు. పాత కోలాటంలో గురువు తాళాలు పట్టుకుని మధ్యలో నిలబడి పాడేవాడు. ఎవరిదన్నా అడుగు తప్పితే అదే చరణం ఇంకోసారి తిప్పేవాడు. వరస కుదిరిందాకా పాట అక్కడక్కడే తిరిగేది, చూసేవాళ్ళకి తప్పు జరిగిన సంగతే తెలిసేది కాదు. ఇప్పుడు తప్పిన మనిషి మొహం చూస్తే చాలు, తెలిసిపోతుంది. పాట ముందుకెళ్ళిపోతుంటుంది, కోల చప్పుడు అర మాత్ర వెనక పడుతుంటుంది. జడకోలాటంలో అయితే మరీ చిక్కు. గుంజకు కట్టిన తాళ్ళు పట్టుకుని ఆడుతూ ఏ వరసలో అల్లారో ఆ వరసలోనే విప్పుకుంటూ రావాలి. ఒక్కరు దారి తప్పారా, జడ ముడిపడుతుంది. పాట అయిపోతుంది, జనం చప్పట్లు కొడతారు, జడ మాత్రం విడిపోదు. తర్వాత ఎవరో పిల్లవాడు స్టూలెక్కి చిక్కు తీస్తుంటాడు.

నేను రామాలయం భజనలో తాళాలు పట్టేవాణ్ణి. అందుకే చెవి ఎప్పుడూ పాడేవాడి మీద కంటే అందుకునేవాళ్ళ మీదే ఉంటుంది. మా వైపు రామాలయం లేని బజారు తక్కువ. శనివారం రాత్రో ఏకాదశి నాడో భజన, ధనుర్మాసం నెల్లాళ్ళూ తెల్లవారుజామున మంచులో నగర సంకీర్తన. సరంజామా పెద్దగా ఏమీ ఉండదు. ఒక హార్మోనియం, డోలక్కో మద్దెలో ఒకటి, నాలుగైదు జతల తాళాలు, చిడతలు. పాటలు రామదాసువి, బ్రహ్మంగారి తత్వాలు, తూము నరసింహదాసు కీర్తనలు. నరసింహదాసు మన గుంటూరు మనిషే. 1790లో పుట్టాడు, 1833లో పోయాడు. ఉన్నది కొద్దికాలమే అయినా భద్రాచలం రాముడి సేవలన్నిటికీ భజన పద్ధతి ఏర్పరిచిపోయాడు. ఆయన పల్లవులు చిన్నవి. ఒకసారి వింటే రెండోసారి అనెయ్యొచ్చు. పక్కన కూచున్నవాణ్ణి దృష్టిలో పెట్టుకుని రాసిన పాటలని నా నమ్మకం.

భజనలో కూర్చునే తీరే వేరు. అందరూ లోపలికి తిరిగి కూచుంటారు. జనం వైపు తిరిగి పాడేవాడంటూ ఉండడు. వినడానికని వచ్చి స్తంభానికి జారగిలబడ్డవాడు కూడా పల్లవి దగ్గర నోరు కలపాల్సిందే, లేకపోతే పెద్దవాళ్ళు చూసే చూపు ఒకటుంటుంది. అమెరికాలో జార్జియా, అలబామా పల్లెల్లో ఇలాంటి పద్ధతే ఒకటి నడుస్తోంది. 1844లో అచ్చయిన ‘సేక్రెడ్ హార్ప్’ అనే పాటల పుస్తకం పేరే ఆ పద్ధతికీ పేరయింది. వాయిద్యాలుండవు. నాలుగు రకాల గొంతులవాళ్ళు నాలుగు వైపులా మధ్యకు తిరిగి కూచుంటారు. ఒక్కొక్కరే లేచి, మధ్యలో నిలబడి ఒక పాట నడిపి, మళ్ళీ తమ చోటికి వెళ్ళి కూచుంటారు. ఎక్కడి జార్జియా, ఎక్కడి అద్దంకి! అయినా మధ్యలో నిలబడితేనే పాట నిండుగా వినపడుతుందన్న సంగతి వాళ్ళకీ తెలిసింది, మనవాళ్ళకీ తెలిసింది.

ఆ మధ్యలోకి మైకు వచ్చి నిలబడింది. మైకుని తిట్టటం తేలిక. నార్కట్‌పల్లి రోడ్డు మీద లారీలు పోతుంటే రోడ్డు పక్క గుళ్ళో మామూలు గొంతు ఎవరికి వినపడుతుంది? వయసుడిగిన గొంతులకు మైకు ఊతం కూడా. అది సరే. కానీ అది జట్టును ఏం చేసిందో తాళాలు పట్టేవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. తాళాలు మైకు దగ్గరికొస్తే పెట్టె కీచుమంటుంది కాబట్టి మమ్మల్ని వెనక్కి జరగమంటారు. మద్దెలకు వేరే మైకు కావాలి కాబట్టి అతను ఓ పక్కకి పోతాడు. హార్మోనియం పాడేవాడి దగ్గరే ఉండిపోతుంది. అలా జరిగి జరిగి చివరికి ఒకరి మొహం ఒకరికి కనపడదు. పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో పెదాలు చూసి కదా మేం అందుకునేది! ఇక ఒక్క గొంతే ఊరంతా మోగుతుంటే పక్కవాడికి తన గొంతుతో పనేముందనిపిస్తుంది. ముందు గొంతు తగ్గిస్తాడు, తర్వాత పెదాలు కదుపుతాడు, ఆ తర్వాత జేబులోంచి ఫోను తీస్తాడు. ఎవరూ ఎవర్నీ పొమ్మనలేదు. పాట ఒక్కరితో నడిచిపోతోందని తెలిశాక మనుషులు వాళ్ళంతట వాళ్ళే తప్పుకున్నారు.

అద్దంకి పేరు చెబితే తెలుగు మాస్టార్లకు గుర్తొచ్చేది పండరంగడి శాసనం. క్రీ.శ. 848 నాటిదంటారు. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు పన్నెండు బోయకొట్టాలు గెలిచిన సంగతి అందులో ఉంది. ఆ సంగతి చెప్పింది పద్యంలో. అప్పటికి నన్నయ పుట్టడానికి ఇంకా ఒకటిన్నర శతాబ్దం పైనే ఉంది. ఆ పద్యం సంస్కృతం నుంచి తెచ్చుకున్న వృత్తం కాదు, తరువోజ. దంపుళ్ళ పాటల్లోంచి వచ్చిన నడక అని పండితులు చెబుతారు. తరువోజ పాదాన్ని విప్పి చూస్తే రెండు ద్విపద పాదాలు పక్కపక్కన కనపడతాయి. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మళ్ళీ మూడు, మళ్ళీ ఒకటి. ఒకే రోటి దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు ఎదురెదురుగా నిలబడి దంచుతుంటే ఒకరి రోకలి లేచినప్పుడే ఇంకొకరిది పడాలి. లెక్క తప్పితే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి. పాదంలో రెండు సగాలుండటం ఇందుకేనేమోనని నేననుకుంటాను. ఇది నా ఊహే, ఛందస్సు చదివినవాళ్ళు కాదంటే వాదించను. కానీ ఒక సేనాని గెలుపును రాతి మీద చెక్కించాల్సి వచ్చినప్పుడు ఆ కవికి చేతికందింది వడ్లు దంచే ఆడవాళ్ళ నడక! ఇద్దరుంటే గానీ నడవని నడక.

మిరప, పత్తి చేలల్లో పాటలేవీ లేవా అని పట్నం నుంచి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. కళ్ళంలో తాలుకాయలు ఏరే చోట ముక్కుకు గుడ్డ కట్టుకుని తుమ్ముతూ దగ్గుతూ కూచున్నవాళ్ళని పాడమనేవాడు ఆ పని ఎప్పుడూ చేసి ఉండడు. పత్తి తీతలో కూలి కిలోల లెక్కన. ఎవరి సాలు వాళ్ళది, పక్కన బయల్దేరిన మనిషి కాసేపటికే వెనకబడిపోతుంది, ఇంక అందుకునేదెవరు? సాగర్ కాలువ కింద వరి నాట్లలో మాత్రం పాట ఉండేది. అక్కడ అందరూ ఒకే వరసలో వంగి, ఒకేసారి వెనక్కి జరుగుతారు.

బుర్రకథ అనగానే గుంటూరు జిల్లా పొన్నెకల్లు షేక్ నాజర్ పేరు చెబుతాం. న్యాయమే. 1920లో దూదేకుల ఇంట పుట్టి, ప్రజానాట్యమండలి వేదికల మీద బుర్రకథకు కొత్త ఊపిరి పోసి, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో కన్నుమూశాడు. తన ఆత్మకథకు ‘పింజారి’ అని పేరు పెట్టుకున్న మనిషి. అయినా బుర్రకథ ముగ్గురి పని. కథకుడి భుజాన తంబుర, వేళ్ళకు అందెలు, అటొకరూ ఇటొకరూ డక్కీలతో వంతలు. ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. వంతలు తందాన అందుకున్నప్పుడే కథకుడికి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరుకుతుంది. జనానికి మనసులో ఏ అనుమానం వస్తుందో పసిగట్టి, ఆ ప్రశ్న సరైన చోట అడిగేదీ వంతే. ఆ ప్రశ్న ఒక్క క్షణం ఆలస్యమైతే కథకుడి మాట చప్పబడిపోతుంది. అంత పని చేసే వంతల పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? ఫాల్గుణ పౌర్ణమికి సింగరకొండ తిరునాళ్ళలో ప్రభల మీద లైట్లూ, వాటి ముందు డీజే పెట్టెలూ ఒకదానితో ఒకటి పోటీపడుతుంటాయి. ఆ మోతలో ఇవాళ ముగ్గురిని నిలబెట్టి కథ చెప్పమంటే వంత అడిగిన ప్రశ్న కథకుడికే వినపడదు.

ఇంకో సంగతి దాటేసి పోలేను. రామాలయం భజనలో అందరికీ చోటుండేది కాదు. డప్పు కొట్టేవాళ్ళు ఊరేగింపు ముందు నడిచేవాళ్ళు, గుడి మెట్ల దగ్గర ఆగిపోయేవాళ్ళు. వాళ్ళ పాట వేరే దారి పట్టింది. 1878 జూలై 3న, మన ఊరి పక్కన పారే ఈ గుండ్లకమ్మలోనే, ఒంగోలు దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్రలో పెద్ద రోజది. పల్లెల్లో ఇళ్ళ దగ్గర జరిగే ప్రార్థన కూటాల్లో కంజీర మీద, డోలక్ మీద పాట నడుస్తుంటే నేను అరుగు మీద కూచుని విన్నాను. పురుషోత్తమ చౌదరి కీర్తన మాటలు పక్కనపెట్టి వింటే పల్లవి తిరిగే తీరు మా గుడి పాట తీరే. ఒకరు అంటారు, అందరూ అందుకుంటారు. ఒక మాట ఒప్పుకోవాలి, అక్కడ ఆడవాళ్ళ గొంతులు మా భజనలో కంటే గట్టిగా లేస్తాయి. మా గుళ్ళో ఆడవాళ్ళని హారతి పాటకు తప్ప పిలవని కాలం మొన్నమొన్నటిదాకా ఉంది.

శ్రీరామనవమికి మా బజార్లో ఏకాహం. ఇరవై నాలుగు గంటలు నామం తెగకూడదు. ఒక ఊరి జట్టు రెండు గంటలు చేసి దిగుతుంది, ఇంకో ఊరి జట్టు కూచుంటుంది. అందులో గట్టి పనల్లా జట్టు మారే ఆ కాసేపూనే. దిగేవాళ్ళు అలసిపోయి ఉంటారు, వచ్చేవాళ్ళు అప్పుడే టీ తాగి హుషారుగా ఉంటారు. వీళ్ళ పాట నాలుగున్నర శ్రుతిలో ఉంటుంది, వాళ్ళాయనకి రెండు శ్రుతి అయితే గానీ గొంతు పలకదు.

మా వైపు వరస ఇదీ. కొత్త జట్టు తాళాలాయన ముందుగా వచ్చి పాతాయన పక్కన కూచుంటాడు. వెంటనే వాయించడు, కాసేపు తల ఊపుతూ నడక చూసుకుంటాడు. తాడు వేలికి చుట్టుకుని, కంచు అరచేతికి తగలకుండా వదులుగా పట్టుకుంటాడు. బిగించి పట్టుకుంటే మోత చచ్చిపోతుంది. అంచుకు అంచు తగిలీ తగలనట్టు, పాతాయన చప్పుడు కింద తన చప్పుడు దాచి మొదలుపెడతాడు. రెండు జతలూ ఒకటే జతలా వినపడ్డాక పాతాయన చేతులు ఒళ్ళో పెట్టుకుంటాడు. గొంతులు ఇంకా మారలేదు. తాళం తర్వాత మద్దెల మారుతుంది, ఆ తర్వాత అందుకునేవాళ్ళు ఒక్కొక్కరే మారతారు. పాడేవాడు, హార్మోనియం అన్నిటికంటే చివర. శ్రుతి మారే ఆ రెండు మూడు ఆవృతాలు హార్మోనియం ఊరుకుంటుంది, నామం తాళాల మీదా గొంతుల మీదా నడుస్తుంది. నేను కొత్తలో ఉన్నప్పుడు హార్మోనియం పెద్దాయన, “తాళం చేతిలో ఉందిగానీ చెవిలో లేదబ్బాయ్, ముందు విను” అనేవాడు. ఇప్పుడు ఆ మాట కుర్రాళ్ళకి నేను చెబుతున్నాను, వాళ్ళు నాకేసి ఎలా చూస్తారో చెప్పను.

ఈసారి ఏకాహం లోపల మైకు వద్దన్నాం. కమిటీలో పెద్ద గొడవే అయింది. ఊరికి వినపడకపోతే చందాలెవరిస్తారని ఒకాయన లేచాడు. చివరికి అన్నదానం పిలుపులకి మాత్రం మైకు, నామానికి వద్దు అన్న దగ్గర తెగింది. కోలాటం ఆడే అమ్మాయిల జట్టొకటి సాయంత్రం ఆరింటి నుంచి ఎనిమిది దాకా తీసుకుంది. పెన్‌డ్రైవ్ లేకుండా పాడటానికి రోజూ సాధన చేస్తున్నారు. మొత్తం పన్నెండు జట్లు కావాలి. పదకొండు కుదిరాయి. రాత్రి రెండు నుంచి నాలుగు దాకా ఎవరూ ఒప్పుకోవటం లేదు. పాట రానివాళ్ళయినా ఫర్వాలేదు, పల్లవి అంటే చాలు. తాళాలు మా దగ్గరున్నాయి, టీ కమిటీది.