బాలయేసు కాలి చెప్పు

జంషెడ్‌పూర్‌లో సువర్ణరేఖ ఒడ్డునున్న భుయ్యాడీహ్‌లో గానీ, టాటా కంపెనీలో పనికని మనవాళ్లు వచ్చి స్థిరపడిన మరే బస్తీలో గానీ, తెలుగు కథోలికుల ఇంటికి వెళ్తే గోడమీద తరచు కనబడేది నిత్య సహాయ మాత పటం. వెనకంతా బంగారు రంగు. ముదురు నీలం ముసుగులో మరియ తల్లి, ఆమె ఎడమ చేతిమీద బాలయేసు. బుధవారం నవదిన ప్రార్థనకు కొవ్వొత్తులు వెలిగించేది ఈ రూపం ముందే. మొక్కేవాళ్ల చూపు సాధారణంగా తల్లి ముఖం దగ్గరే ఆగిపోతుంది. నేను మాత్రం కాస్త కిందికి, పసివాడి కుడికాలి దగ్గరికి చూడమంటాను. చెప్పు ఊడి, వారు పట్టుకుని వేలాడుతోంది.

ఎందుకు ఊడిందో పటమే చెబుతుంది. పైన మనకు ఎడమవైపు మిఖాయేలు దూత ఈటెను, చిరకలో ముంచిన స్పంజిని పట్టుకుని ఉన్నాడు. కుడివైపు గబ్రియేలు చేతిలో సిలువ, మేకులు. ముప్ఫై ఏళ్ల తర్వాత రాబోయే సిలువ శ్రమల పనిముట్లను పసివాడికి ఇప్పుడే చూపించేశారు. వాడు తల తిప్పి సిలువను చూశాడు, బెదిరాడు, పరుగున వచ్చి రెండు చేతులతో అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆ తొందరలోనే చెప్పు జారిందని భక్తులు తరతరాలుగా చెప్పుకుంటారు. బొమ్మలో పరుగు లేదు, అరుపు లేదు. భయమంతా ఆ ఒక్క చెప్పులో పెట్టాడు చిత్రకారుడు. తల్లి బిడ్డవైపు చూడదు, మనవైపు చూస్తుంది. ఇంత తక్కువతో ఇంత చెప్పిన బొమ్మలు లోకంలో ఎక్కువ లేవని నా నమ్మకం.

మూలచిత్రం రోములో ఉంది. సుమారు 54 సెంటీమీటర్ల ఎత్తున్న చెక్కమీద, క్రీటు దీవి చిత్రకారుల శైలిలో వేసింది. 1499 నుంచి సాన్ మత్తేయో గుడిలో ఉండేది, 1866 నుంచి సాంత్ అల్ఫోన్సో గుడిలో ఉంది. ఎవరు వేశారో అందులో రాసిలేదు. రాసి ఉన్నవల్లా గ్రీకు అక్షరాలు: దేవుని తల్లి, యేసుక్రీస్తు, ఇద్దరు దూతల పేర్లు, అవీ పొడి అక్షరాల్లో.

మధ్యయుగపు క్రైస్తవ చిత్రాల్లో పేర్లు రాయకున్నా మనుషులను పోల్చుకోవచ్చు. తాళపుచెవులుంటే పేతురు, కత్తి ఉంటే పౌలు, ముళ్లచక్రం పక్కనుంటే కేతరీన. తలచుట్టూ కాంతివలయంలో సిలువ గుర్తుంటే క్రీస్తు. సిలువ అడుగున పడి ఉన్న పుర్రె ఆదాముది. మనకిది కొత్త కాదు. శంఖచక్రాలు చూసి విష్ణువనీ, గద చూసి హనుమంతుడనీ చెప్పుకునే కళ్లే ఇక్కడా పనికొస్తాయి. గుర్తులు ఎవరైనా నేర్చుకోవచ్చు. చెప్పు లాంటి చిన్న సంగతి ఎక్కడ పెట్టాలో తెలియడమే పనితనం.

ఆ పనితనం చెక్క దగ్గరే మొదలయ్యేది. మన చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డమీద సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి నేల కట్టుకుంటారు. ఆనాటి క్రైస్తవ చిత్రకారులు చెక్కమీద సుద్దను చర్మపు జిగురుతో కలిపి పొరలు పొరలుగా పూసి, దంతంలా నున్నగా గీసేవారు. బంగారం అంటించే చోట ముందు ఎర్రని మెత్తటి మట్టి పూత. దానిమీద రేకు పరిచి గట్టిరాయితోనో, కుక్క పంటితోనో రుద్దేవారు. కిందున్న ఎరుపు వల్లే బంగారం చల్లగా కాక వెచ్చగా మెరుస్తుంది. రంగుపొడిని గుడ్డుసొనలో కలిపేవారు. అది క్షణాల్లో ఆరిపోతుంది, ఒకదానిలో ఒకటి కరిగించే వీల్లేదు. అందుకే ముఖాల్లో సన్నసన్నని గీతలు పక్కపక్కన పేర్చి, కింది ముదురు రంగు మీంచి వెలుగును పైకి తెచ్చేవారు. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నీనో చెన్నీని ఈ పనులన్నీ పుస్తకంగా రాశాడు. పడుచువాళ్ల ముఖాలకు పట్నం కోడిగుడ్డు సొన వాడాలట, పాలిపోయి ఉంటుంది గనుక. ముసలివాళ్లకు, నల్లగా ఉన్నవాళ్లకు పల్లె కోడి ఎర్రసొన. ఇంత చిన్న విషయం కూడా వదలని ఆ శ్రద్ధ నాకెంతో ఇష్టం.

మరియ తల్లి నీలం సంగతి వేరు. మేలురకం నీలానికి రాయి అఫ్గానిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి రావాలి. 1485లో ఫ్లోరెన్స్‌లో చిత్రకారుడు గిర్లాందాయోతో అనాథ శిశువుల ఆశ్రమం చేసుకున్న ఒప్పందంలో, ఔన్సు నాలుగు ఫ్లోరిన్ల ఖరీదు చేసే నీలమే వాడాలని రాయించుకున్నారు. ఆ రోజుల్లో రంగు ఖరీదు కూడా భక్తిలో భాగమే.

బంగారానికి మాత్రం కాలం మారింది. 1305 ప్రాంతంలోనే పాదువాలో చిత్రకారుడు జొత్తో, చనిపోయిన కొడుకు ముఖం మీదికి వంగిన తల్లిని నీలాకాశం కింద గీశాడు. ఆ మనుషులకు బరువుంది. 1435లో చిత్రకళ గురించి రాస్తూ అల్బెర్తీ, బంగారు వస్తువును కూడా రంగులతోనే చూపించగలవాడికే ఎక్కువ మెప్పు దక్కాలన్నాడు. రాఫెల్ కాలానికి బంగారం బదులు చెట్లు, కొండలు వచ్చాయి. అయినా గుర్తులు పోలేదు. అతని ఒక చిత్రంలో చిన్నారి యోహాను బాలయేసుకు గోల్డ్‌ఫించ్ అనే పిట్టను అందిస్తాడు. ముళ్ల మొక్కల మీద బతికే ఆ పిట్ట ముఖాన ఎర్రమచ్చను శ్రమల గుర్తుగా ఆనాటివాళ్లు చదువుకున్నారు. చిత్రం నిజంగా అందమైనదే. కానీ నాకు మాత్రం పిట్టకన్నా చెప్పే దగ్గర. పిట్ట సంగతి ఎవరైనా చెబితే గానీ తెలియదు, జారిన చెప్పు ఏ తల్లికైనా తెలుసు.

భుయ్యాడీహ్ ఉన్న ఈ జార్ఖండ్‌లోనే, గుర్తుల బలం ఎంతటిదో 2013లో తెలిసింది. రాంచీ దగ్గర సింగ్‌పూర్‌లో మరియమ్మ స్వరూపాన్ని ఎర్ర అంచు తెల్లచీరలో, బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకున్న ఆదివాసీ తల్లిగా నిలిపారు. ఆ చీర తమ మతాచారానికి గుర్తని సర్నా మతం పాటించే ఆదివాసులు వీధుల్లోకి వచ్చి అభ్యంతరం చెప్పారు. దేశీయ వేషం కొత్త ఆలోచన కాదు. ఇటలీవాళ్లూ మరియకు తమ ఊరి బట్టలే కట్టారు. ఆదివాసీ క్రైస్తవులు తమ అమ్మలు కట్టే చీరలో మరియమ్మను చూసుకోవాలనుకోవడం నాకు అర్థమవుతుంది. సర్నావాళ్ల బాధా అర్థమవుతుంది. ఫ్లోరెన్స్‌లో బొమ్మ వేసినవాళ్లదీ, మొక్కినవాళ్లదీ ఒకే మతం, ఆ బట్టలమీద మరొకరికి హక్కు లేదు. ఇక్కడ అదే చీరను ఇంకొక దేవత ముందు ఇంకొక ప్రార్థనకు కట్టుకునే ఆడవాళ్లున్నారు. స్వరూపం చెక్కించేముందు వాళ్లనూ అడిగి ఉండాల్సింది.