తెగే దారంలోనే ఆట ఉంది

లాల్‌దర్వాజా అనగానే అందరికీ ఆషాఢ బోనాలే గుర్తొస్తాయి. సింహవాహిని మహంకాళి అమ్మవారి గుడి చుట్టూ అల్లుకున్న ఈ గల్లీలకు సంక్రాంతి కూడా అంతే పెద్ద పండుగ. జనవరి మొదలైతే చాలు, ఇటు శాలిబండ నుంచి అటు అలియాబాద్ దాకా మిద్దెలన్నీ పతంగుల పోటీలతో నిండిపోతాయి. గుల్జార్ హౌజ్ దుకాణాల్లో, ధూల్‌పేట ఇళ్ల ముందు రంగురంగుల పతంగులు దొంతర్లుగా పేరుస్తారు.

పతంగి ఎగరేయడానికి ఇంతకన్నా కష్టమైన చోటు ఉండదు. విశాలమైన మైదానం లేదు. చుట్టూ నీళ్ల ట్యాంకులు, కరెంటు తీగలు, మనకన్నా ఒక అంతస్తు ఎత్తున్న పక్కింటి గోడ. గాలి ఆ గోడలకు తగిలి సుడి తిరుగుతుంది. నిలకడైన గాలి దొరకాలంటే ముందు ఆ సుడిని దాటాలి. పాతబస్తీ ఆటగాడి చేతికి అంత వాడి రావడానికి ఈ ఇరుకే కారణమని నా నమ్మకం.

పోటీ పతంగికి తోక ఉండదు. పలచని కాగితం, నిలువుగా ఒక వెదురు పుల్ల, అడ్డంగా విల్లులా వంగిన సన్నటి కమాన్, అంతే. దారం బిగిస్తే కమాన్ రెక్కలు వెనక్కి వంగి, పతంగి ముక్కు ఎటుంటే అటు నేరుగా దూసుకుపోతుంది. దారం వదులు చేస్తే రెక్కలు చదునై, ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. తిరుగుతున్న ముక్కు మనకు కావలసిన దిక్కుకు వచ్చిన క్షణం కనిపెట్టి లాగడమే ఈ విద్యకు మూలం. తోక కట్టిన పతంగి నిలకడగా ఎగురుతుంది గానీ, ఇంత చురుగ్గా మాట వినదు.

ఆ చురుకుదనం సగం కన్నాలు కట్టడంలోనే ఉంది. పుల్లా కమానూ కలిసేచోట ఒక ముడి, కింది భాగంలో ఇంకో ముడి వేసి, రెండు దారాలనూ కలిపి కడతారు. పై దారం కాస్త కురచ చేస్తే పతంగి నిలకడగా ఉంటుంది, గాలి ఎక్కువున్న రోజు అది మేలు. కింది దారం కురచైతే చటుక్కున తిరుగుతుంది. ఒక పక్కకు ఒరుగుతోందా? రెండో పక్క కమాన్ కొనకు చిన్న గుడ్డపీలికో, దారపు ముక్కో కడితే సరి.

ఇక పేంచ్, అంటే ఒకరి దారాన్ని ఒకరు తెంచే పోటీ. రెండు దారాలు పెనవేసుకున్నాక గెలవడానికి దారులు రెండు. ఒకటి ఢీల్, అంటే దారం వదులుతూ పోవడం. రెండోది ఖీంచ్, జోరుగా లాగేయడం. రెండింటి కిటుకూ ఒకటే. కదిలే దారానికి ఒరిపిడి దాని పొడవంతా పంచుకున్నట్టు పడుతుంది. నిలిచిపోయిన దారానికి అది ఒకేచోట పడి, అక్కడే తెగుతుంది. అందుకే "ఢీల్ ఇయ్యి అన్నా, ఆపకు!" అని దారం చుట్టిన చరఖా పట్టినవాడు అరుస్తాడు. అతను సహాయకుడే అయినా, దారం చిక్కు పడకుండా వదలడం, తెగినప్పుడు క్షణంలో చుట్టేయడం అతని పనే. ఎదుటి పతంగి తెగిందంటే మిద్దెలన్నీ ఒక్కసారిగా "అఫా!" అని మారుమోగుతాయి. మత భేదం, వయసు భేదం లేకుండా పక్క మిద్దెవాళ్లూ ఆ కేకలో గొంతు కలుపుతారు.

ఆటలో ప్రమాదం ఉంది. ఆకాశం వైపు చూస్తూ వెనక్కి నడిచేవాడికి మిద్దె అంచు కనబడదు. చాలా పాత ఇళ్లకు పిట్టగోడ మోకాలెత్తు కూడా ఉండదు. తీగకు చిక్కిన పతంగి కోసం ఇనుప చువ్వ చాపితే ప్రాణానికే ముప్పు. ఈ ప్రమాదాలు ఆడేవాడికి సంబంధించినవి, జాగ్రత్తతో తప్పించుకోదగ్గవి.

నైలాన్ మాంజా సంగతి వేరు. అది ఆటతో సంబంధమే లేని మనిషి గొంతు కోస్తుంది. 2024 జనవరిలో లంగర్‌హౌజ్ ఫ్లైఓవర్ మీద బైకుపై వెళుతున్న ఒక సైనికుడు మాంజా మెడకు చుట్టుకుని చనిపోయాడు. తెగిన నూలు దారం ఎండకూ వానకూ చివికిపోతుంది. నైలాన్ మాత్రం చెట్ల కొమ్మల్లో నెలల తరబడి ఉరితాడై వేలాడుతుంది, గద్దలూ పావురాలూ రెక్కలు తెగి పడిపోతాయి. 2017 జులైలో జాతీయ హరిత ట్రైబ్యునల్ దేశమంతటా నైలాన్ మాంజాను నిషేధించింది. గాజుపొడి పట్టించిన నూలు మాంజాను కూడా వద్దని, పూత లేని నూలు దారానికే అనుమతి ఇచ్చింది.

గాజు లేకపోతే పేంచ్ ఏముందని కొందరంటారు. సద్ది, అంటే ఆ పూత లేని నూలు దారం మీద ఆడి చూడమని నా మాట. ఒరిపిడి సూత్రం అక్కడా అదే. తెగడానికి ఎక్కువసేపు పడుతుంది, గాలిని చదవాలి, ఢీల్ ఎంతసేపో లెక్క తెలియాలి. పదును దారంలో లేనప్పుడే చేతిలోని పనితనం బయటపడుతుంది. తెగని దారంతో గెలిచినవాడికి ఆట వచ్చిందని ఒప్పుకోలేను.

లాహోర్ అనుభవం మన ముందుంది. ప్రాణాలు తీసే దారాల వల్ల మరణాలు పెరిగి, 2005 తర్వాత అక్కడి వసంత పండుగ పతంగులు ఏళ్ల తరబడి నిషేధంలో పడ్డాయి. ఆటను ఆటగాళ్లు కాపాడుకోకపోతే చివరికి చట్టం ఆపేస్తుంది.

కాబట్టి ఈ సంక్రాంతికి పిల్లల చేతికి సద్ది చరఖానే ఇవ్వండి. నైలాన్ అమ్మే దుకాణం గడప తొక్కకండి. పిట్టగోడ లేని మిద్దె మీదికి పిల్లల్ని ఒంటరిగా పంపకండి. తీగ మీద చిక్కిన పతంగిని అక్కడే వదిలేయండి. పండుగ మర్నాడు మీ గల్లీలో వేలాడే దారాలన్నీ ఏరి పారేయండి.